చేతి బరువు

మా అన్నయ్యకు గడ్డం గీయడం నేను నలభై తొమ్మిదో ఏట నేర్చుకున్నాను. అప్పటికి నాకు వచ్చిన పనులు జీడితోట చూసుకోవడం, కొబ్బరికాయలు వలవడం, ఎవరూ అడగని సంగతులు నోటుపుస్తకాల్లో రాసుకోవడం. ఈ మూడింటిలో ఏదీ మనిషి మొహం మీద బ్లేడు నడపడానికి పనికిరాదు. కొబ్బరికాయలు వలిచే అలవాటైతే నిజంగానే చెరుపు చేసింది.

అన్నయ్య నాకన్నా పదకొండేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశాడు. పలాస, టెక్కలి, కోటబొమ్మాళి, మళ్ళీ వెనక్కి. ఆ దారిలో చెయ్యెత్తి బస్సు ఆపే ప్రతివాడికీ అతని మొహం తెలుసు. తెల్లారకముందే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, పౌడరు రాసుకుని డ్యూటీకి వెళ్ళేవాడు. "సిల్లర లేకపోతే జనం సర్దుకుంతారు గానీ, మాసిన మొకం సూసి సర్దుకోర్రా" అనేవాడు. సెలవు రోజున కూడా గడ్డం పెరగనిచ్చేవాడు కాదు. ఎవరి పిచ్చి వారికానందం అనుకుని నేను పట్టించుకోలేదు.

రిటైరైన రెండో ఏడు కిడ్నీలు పాడయ్యాయని తేలింది. మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత ఉందని అడుగుతారు. నీళ్ళ వల్లనా, మట్టి వల్లనా, ఎండలో పని వల్లనా అన్నది ఇంతవరకు మాకు ఎవరూ గట్టిగా తేల్చి చెప్పలేదు. చెప్పేదాకా ఆగలేక మేం బోరు నీళ్ళు తాగడం మానేసి టిన్నుల్లో వచ్చే నీళ్ళు తాగుతున్నాం. అన్నయ్యకు సోమ, బుధ, శుక్రవారాలు పలాసలో డయాలసిస్. పొద్దున్న ఆరింటికి ఆటో వస్తుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి సాయంత్రం దాకా పడుకుంటాడు.

మొదట్లో తన గడ్డం తనే గీసుకునేవాడు. అతనిది ఎడమచేతి వాటం. రక్తం యంత్రంలోకి వెళ్ళి రావడానికి ఆ ఎడమచేతికే నరాలు కలిపి కుట్టారు. అక్కడ ఉబ్బి ఉంటుంది, వేలు ఆనిస్తే లోపల మోటారు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. సూదులు దిగీ దిగీ ఆ చెయ్యి నొప్పి, కుడిచెయ్యి వణుకు. దాంతో కొన్నాళ్ళు పూండి రైల్వే గేటు దగ్గరి సెలూనుకు వెళ్ళాడు. ఒకసారి అక్కడ కత్తి చిన్న పొక్కుకు తగిలి నెత్తురొచ్చింది. పటిక రుద్దినా, దూది పెట్టినా గంటసేపు ఆగలేదు. బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారట. సెలూను అతను ఆ మర్నాడు నాకు ఫోను చేసి, ఇకమీదట అన్నను పంపొద్దని మర్యాదగానే చెప్పాడు.

ఇక మిగిలింది నేను. అన్నయ్యకు ఇద్దరూ ఆడపిల్లలే, అత్తవారిళ్ళలో ఉన్నారు. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. వదిన వచ్చి, "బాబూ, ఆ గెడ్డం సంగతి నువ్వు సూడు, నాకు సెయ్యి ఒనుకుతాది" అంది. నా గడ్డం నేను గీసుకుంటున్నాను కదా, ఇంకొకరికి గీయడం ఎంత పని అనుకున్నాను. మొదట ట్రిమ్మరు కొనుక్కొచ్చాను. అది రివ్వుమంటూ నడిచింది, నెత్తురు రాలేదు, నాకు ఎంతో నచ్చింది. అన్నయ్య మాత్రం దవడ తడుముకుని, "సగం సింపిన టిక్కెట్టులా ఉంది" అన్నాడు. దాన్ని మళ్ళీ మొహం దగ్గరకు రానివ్వలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సరే, అతని పాత స్టీలు రేజరే తీశాం, మర తిప్పి బ్లేడు పెట్టేది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఇది కొబ్బరి చెట్ల కింద పెరిగినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మాకు దేనికైనా కొబ్బరినూనే మందు. చేతులకు జీడి అంటితే నూనె, తలుపు కిర్రుమంటే నూనె, చంటిపిల్ల ఏడిస్తే మాడుకు నూనె. అన్నయ్య చర్మం ఆ జబ్బుకు ఎండి, నల్లబడి, గీరుకున్న చారలతో ఉంది. బ్లేడు జారాలంటే ముందు నూనె పట్టించాలని నాకు తోచింది. దోసిట్లో పోసుకుని మొహమంతా మర్దనా చేశాను. దాని మీద సబ్బు, బ్రష్షు, బోరు నీళ్ళు. మా బోరు నీళ్ళలో నురగ మామూలుగానే లేవదు, నూనె మీద అసలే నిలవలేదు. పెద్ద పెద్ద బుడగలు లేచి టప్ టప్‌మని పేలిపోయాయి. మొహం మీద మిగిలింది తెల్లటి జిడ్డు. బ్లేడు రెండు గీతలకే మూసుకుపోయింది, వెంట్రుక తెగలేదు. తెగకపోతే మా చేతులు ఏం చేస్తాయో అదే చేశాను. కొబ్బరికాయను పాతిన గునపానికి గుచ్చి ఒళ్ళంతా బరువు పెట్టి తిప్పితేనే పీచు డొక్క ఊడేది. నేను ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని అది. నొక్కాను.

గాటు పెద్దదేం కాదు, దవడ కింద గోరంత. పటిక రుద్దితే పావుగంటలో ఆగింది. అది సోమవారం. ఆరింటికి ఆటో ఎక్కాం. నేను మర్చిపోయినదేమిటంటే, డయాలసిస్‌లో నెత్తురు గడ్డకట్టకుండా మందు ఎక్కిస్తారు. యంత్రం మొదలైన గంటకు ఆ గాటు మళ్ళీ తెరుచుకుంది. అన్నయ్యకు నొప్పి లేదు కాబట్టి తెలియలేదు. మెడ కిందికి కారి, తువ్వాలు తడిసి, దిండు దాకా వెళ్ళాక నర్సమ్మ చూసింది. ఆమె నన్ను లోపలికి పిలిచి, చదువుకున్నవాడివి కాదా అని అడిగింది. డయాలసిస్ రోజున బ్లేడు ముట్టొద్దని చెప్పింది. అది న్యాయమైన మాటే. ముందు రోజు సాయంత్రం గీస్తానని నేను అన్నయ్యను బతిమాలాను. పొద్దుటికి మాసిపోతుంది, అక్కర్లేదన్నాడు.

బుధవారం ఆటో వచ్చి హారను కొట్టింది. అన్నయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజుల గడ్డం, తెల్లగా, అక్కడక్కడ నల్లగా.

"ఎల్లను" అన్నాడు.

"ఏటన్నియ్యా, చిన్నపిల్లాడివా?" అన్నాను.

"ఆ బెడ్ల మీద పడుకున్నోళ్ళని సూడు. ఒక్కుడికి గీసిన మొకం ఉందా? రోగం ఒచ్చింది, గెడ్డం ఒచ్చీసింది, ఇంకేటి మిగిలింది? ఆటో ఎక్కినప్పుడల్లా ఎవుడో ఒకడు నన్ను గుర్తట్టి పలకరిత్తాడు. కండట్రు మావ బాగున్నావా అంతాడు. ఈ మొకంతోటి ఏటి సెప్పమంతావు? నాను రోగినే గానీ, రోగిలాగ కనపడను. గీసిన మొకంతోనైతే ఎల్తాను. నేకపోతే నన్ను ఇలగే ఒగ్గీ."

నాకు ఒళ్ళు మండింది. ప్రాణం కన్నా గడ్డం ఎక్కువా అని గట్టిగానే అన్నాను. వదిన ఏడ్చింది. ఆటో వెళ్ళిపోయింది. శుక్రవారం తెల్లారేసరికి అన్నయ్య కాళ్ళు స్తంభాల్లా వాచాయి, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. అప్పుడు కూడా మొహానికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడేలా ఆటో ఎక్కాడు. ఇంకొక్కసారి మానితే తాము చేసేదేమీ ఉండదని అక్కడి డాక్టరు చెప్పాడు. సోమవారం కూడా తువ్వాలుతోనే వెళ్ళి వచ్చి, "ఇదే ఆఖరు. బుధవారం గీత్తే సరి, నేకపోతే నాను రాను" అన్నాడు. అతను ఉత్తుత్తిగా బెదిరించే మనిషి కాదు. ముప్పై ఏళ్ళలో టిక్కెట్టు లేని ఒక్కణ్ణి కూడా ఊరికే వదలనివాడు.

నాకు ఒక్క రోజు ఉంది, మంగళవారం.

మంగళవారం సెలూన్లు తియ్యరు. పూండి వెళ్ళేసరికి సెలూను అతని షట్టరు సగం దించి ఉంది. లోపల అద్దాలు తుడుస్తున్నాడు. అతను నా ఈడువాడు. మా ఇళ్ళకు గడ్డాలు గీసింది వాళ్ళ నాన్న. ఆ ముసలాయన తోలుపెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. మా అరుగు కింద గొంతుక్కూర్చుంటే, మా తాత పైనుంచి మాటా పలుకూ లేకుండా మొహం చాచేవాడు. పదేళ్ళ పిల్లలం మేం కూడా ఆయన్ని ఏకవచనంతో పిలిచేవాళ్ళం. అది తప్పని అప్పుడు తోచలేదు. తోచలేదని ఇప్పుడు చెప్పుకోవడం కూడా గొప్పేం కాదు.

సంగతి చెప్పి, ఇంటికొచ్చి గీసి వెళ్ళమన్నాను. అతను తుడుస్తున్న గుడ్డ ఆపలేదు.

"ఇంటికొచ్చి గీయడం మా నాన్నతో ఆగిపోయింది మావా. నాను ఈ కుర్సీ కొనుక్కున్న రోజునే ఒట్టెట్టుకున్నాను, పెట్టట్టుకుని ఎవురి గుమ్మం ఎక్కనని. అదీగాక నాకు బయం. మీ అన్నకి నా సేతిలో ఏటైనా అయితే రేపు గేటు దగ్గర నన్ను ఏటంతారు?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

అతను నన్ను, నా చేతుల్ని చూశాడు. ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమన్నాడు. నూనె దగ్గరకు వచ్చేసరికి నవ్వాడు.

"నూని రాసిన మొకం మీద నురగెలా నిలబడతాది? నురగ అందానికనుకున్నావేటి? నీరు పట్టుకోడానికి. ఎంటుక తడిసి మెత్తబడితే బ్లేడుకి పనుండదు. బ్లేడుకి పనున్నప్పుడే సెయ్యి నొక్కుతాది. నువ్వు నొక్కినావంటే నురగ బాగోనేదని."

అంత పెద్ద సంగతి అంత తేలిగ్గా ఎవరూ నాకు చెప్పలేదు. తర్వాత అతను చేసిన పని నేను ఊహించలేదు. షట్టరు ఇంకొంచెం కిందికి లాగి, మెడకు గుడ్డ కట్టుకుని, తన కుర్చీలో తనే కూర్చున్నాడు. రెండు రోజుల గడ్డం ఉంది మొహం మీద.

"గీ" అన్నాడు.

"ఈ రోజు మంగళవారం" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"మంగళారం గీయించుకోకూడదన్నది మీకు. మాకు అది సెలవు. గీ."

నేను వెంటనే కదల్లేదు. కారణం భయం ఒక్కటే అని రాస్తే అబద్ధమవుతుంది. మా ఇంటి మగవాళ్ళెవరూ ఇంతవరకు ఈ గడ్డాలు గీసేవాళ్ళ మొహం ముట్టుకోలేదు. ఆ ముసలాయన బుగ్గ గరుకో నునుపో మాలో ఎవరికీ తెలియదు. అతనికి నా తటపటాయింపు అర్థమయిందని అద్దంలో అతని చూపు చెప్పింది. నాకు సిగ్గేసింది. బ్రష్షు తీసుకున్నాను.

మొదట బ్రష్షును వేడినీళ్ళలో నానబెట్టించాడు. వేడి తువ్వాలు మొహం మీద వేసి, నూటయాభై దాకా లెక్కపెట్టమన్నాడు. బ్రష్షు విదిలించి, సబ్బు మీద తిప్పి, మొహం మీద గుండ్రంగా రుద్దమన్నాడు. ఎండినట్టు అనిపిస్తే బ్రష్షు కొసలు మాత్రమే నీళ్ళలో ముంచాలి, మళ్ళీ తిప్పాలి, మళ్ళీ ముంచాలి. ఒక్కసారిగా నీళ్ళు పోస్తే బుడగలొస్తాయి, ఆ బుడగల్లో గాలి తప్ప ఏమీ ఉండదు. నాలుగోసారికి నురగ చిక్కబడి, గట్టిగా తోడుకున్న పెరుగులా నిగనిగలాడింది. రెండు వేళ్ళ మధ్య పెట్టి చూడమన్నాడు. జారింది. ఆ నీళ్ళు ఎక్కడివని అడిగాను. తాగే టిన్ను నీళ్ళేనట, బోరు నీళ్ళకు సబ్బు లొంగదట.

తర్వాత రేజరు. నేను పట్టుకున్న పద్ధతి చూసి నా వేళ్ళు విప్పించాడు. పిడి చివర మూడు వేళ్ళతో, జారిపోతుందేమో అన్నంత వదులుగా పట్టించాడు.

"దాని బరువు దానికుంది. నువ్వు మొయ్యాల, తొయ్యకూడదు. సప్పుడు ఇను. కరకరమంటే తెగుతంది. సప్పుడు మందగించిందా, నువ్వు నొక్కుతున్నావని."

ఆ మూలనున్న ఫ్యాను కట్టేసి విన్నాను. ఎండుటాకుల మీద ఎలుక నడిచినట్టు సన్నటి చప్పుడు. బుగ్గ మీద బాగానే వచ్చింది. దవడ ఎముక తిరిగే చోట నా చెయ్యి పాత గుణం చూపించింది. చప్పుడు ఆగింది, నురగలో ఎర్రటి చుక్క తేలింది. నేను రేజరు తీసేసి నిలబడిపోయాను. అతను వేలితో తుడుచుకుని చూసుకున్నాడు.

"ఈ సుక్క నాకు పోయింది. మీ అన్నకి మిగిలింది. కానియ్" అన్నాడు.

మిగతా సగం మొహం మీద చుక్క రాలేదు. గీయడం అయ్యాక అతను లేచి అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు. చెవి కింద నాలుగు వెంట్రుకలు వదిలేశానని చూపించాడు. వదిలితే ఫరవాలేదు, వాటి కోసం మళ్ళీ నొక్కొద్దన్నాడు. బయటికి వచ్చేటప్పుడు ఏమైనా ఇవ్వబోయాను. "ఈ రోజు సెలవన్నాను కదా" అని షట్టరు దించేశాడు.

బుధవారం నాలుగున్నరకే అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తాగే నీళ్ళు గడ్డానికా అని వదిన ముందు మొహం ముడుచుకుంది గానీ, చెంబెడు కాచి ఇచ్చింది. అన్నయ్య కుర్చీలో కూర్చుని ఎదురుగా అద్దం పెట్టించుకున్నాడు. నేను వెనక నిలబడ్డాను. మెడ కుడిపక్కన, జబ్బు మొదట్లో డయాలసిస్ కోసం గొట్టం పెట్టిన మచ్చ ఉంది. అక్కడికి నేను వెళ్ళనని ముందే చెప్పాను. వేడి తువ్వాలు వేసి నూటయాభై లెక్కపెట్టాను. నురగ తోడుకుంది. రేజరును మూడు వేళ్ళతో పట్టుకుని చెవి దగ్గర ఆనించాను, చప్పుడు విన్నాను. అరగంట పట్టింది. నా చొక్కా తడిసిపోయింది. ఒక్క చుక్క రాలేదు.

అన్నయ్య కుడిచేతి వెనకభాగంతో బుగ్గలు నిమురుకున్నాడు. దవడ కింద ఆగాడు.

"ఇక్కడ ఉంచీసినావు."

"ఉంచాను. అది అంతే."

"సరే, ఉండనీ" అని లేచి చొక్కా వేసుకున్నాడు. ఆటో కోసం వీధి గుమ్మంలోకి వెళ్ళి, అవసరం లేకపోయినా పది నిమిషాలు నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్ళను తనే పిలిచి పలకరించాడు. నర్సమ్మ అతని మొహం చూసి, నన్ను చూసి, దిండు మీద తెల్లటి గుడ్డ వేసింది. ఆ గుడ్డ మధ్యాహ్నం దాకా తెల్లగానే ఉంది. నేను బయట బల్ల మీద కూర్చుని సంతోషపడ్డాను, చాలా.

అలా ఏడెనిమిది నెలలు వారానికి మూడుసార్లు గీశాను. ఒక్కోసారి నురగ చెప్పినట్టు వినేది, ఒక్కోసారి కాదు. బ్రష్షును నీళ్ళలో ముంచినప్పుడల్లా అన్నయ్య దానివైపు చూసేవాడు. అతనికి రోజుకు ఇచ్చేది చిన్న సీసాడు నీళ్ళు. "నాకు సెంబుడు నీళ్ళివ్వరు గానీ నా గెడ్డానికి ఇత్తన్నారు" అనేవాడు. వదిన నవ్వేది, నాకు నవ్వొచ్చేది కాదు. పదకొండేళ్ళ తేడా వల్ల మేమిద్దరం కలిసి ఆడుకున్నది లేదు, కొట్టుకున్నది లేదు. నేను ఆడుకునే వయసుకే అతను పనుల్లో పడ్డాడు, ఆ తర్వాత బస్సెక్కేశాడు. ఆ కుర్చీ వెనక నిలబడ్డ అరగంటల్లో తాకినంతగా నేను మా అన్నయ్యను ఇంకెప్పుడూ తాకలేదు.

ఆ తర్వాత ఒక మంగళవారం మా పెదనాన్న కొడుకు చనిపోయాడు. అన్నయ్య కన్నా నాలుగేళ్ళు చిన్న. అతనిదీ అదే జబ్బు, అదే డయాలసిస్, అన్నయ్యకు రెండు మంచాల అవతల కిటికీ పక్క మంచం. మా ఇంటిపేరు మగవాళ్ళందరికీ పది రోజుల మైల. ఆ పది రోజులూ ఎవరూ గడ్డం గీసుకోకూడదు, ఇంకొకరికి గీయకూడదు. పదో రోజున అందరూ ఒకచోట చేరి గీయించుకుని తలస్నానం చేస్తే మైల పోతుంది. మా ఊళ్ళో ఈమధ్య ఏ వీధిలో చూసినా మాసిన గడ్డాలతో నలుగురైదుగురు కనిపిస్తారు. ఎవరింట్లో పోయారో గడ్డాలను బట్టి చెప్పొచ్చు.

ఆ సాయంత్రం దహనం నుంచి వచ్చి స్నానం చేశాక వదిన గోడవతల నుంచి పిలిచింది.

"రేపు బుధవారం. ఇప్పుడేటి సేత్తాం బాబూ?"

నాకు తెలిసింది ఒక్కటే. గీయకపోతే అతను వెళ్ళడు. వెళ్ళకపోతే మూడో రోజుకు ఊపిరాడదు. పది రోజుల్లో నాలుగు డయాలసిస్‌లు. మైల సంగతి యంత్రానికి తెలియదు. చనిపోయినవాడి మీద నా గౌరవం నాకుంది, కానీ అతని వెనకే అన్నయ్యను పంపలేను. ఊళ్ళో ఏమన్నా అననీ, గీసేస్తానని వదినకు చెప్పాను. ఆమె కాదనలేదు, పొద్దున్నే నీళ్ళు కాస్తానంది.

నాలుగున్నరకు రేజరు, సబ్బు, బ్రష్షు తువ్వాల్లో చుట్టుకుని చంకలో పెట్టుకుని దొంగలా వెళ్ళాను. అన్నయ్య అప్పటికే చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. నా చంక వైపు చూశాడు.

"అదెందుకు తెచ్చినావు?"

"గీద్దామని."

"మైల్లోనా?"

"గీయకపోతే నువ్వు వెళ్ళవు కదా."

అతను రెండు రోజుల గడ్డాన్ని అరచేత్తో పైకీ కిందికీ రుద్దుకున్నాడు.

"ఎల్తాను. ఇది నా రోగం గెడ్డం కాదురా. ఆడి గెడ్డం" అన్నాడు.

తువ్వాలు చుట్టుకోకుండానే వీధిలోకి నడిచాడు. ఆటోలో పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఏమిటి కండట్రు మావా ఇలా ఉన్నావని అడిగాడు. "మా తమ్ముడు పోనాడు" అన్నాడు అన్నయ్య. ఆ పెద్దమనిషి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. డయాలసిస్ దగ్గర కిటికీ పక్క మంచం మీద అప్పటికే ఇంకొకరెవరో పడుకుని ఉన్నారు. అన్నయ్య ఆ మంచాన్ని చూసి తన మంచం ఎక్కాడు. శుక్రవారం, సోమవారం, మళ్ళీ బుధవారం, నాలుగుసార్లూ గడ్డంతోనే వెళ్ళాడు. ఇంత తేలిగ్గా వెళ్తాడని నేను అనుకోలేదు. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా, నా అవసరం లేకుండా వెళ్ళినందుకు.

పదో రోజు గురువారం. మా తోట చివర బోరు షెడ్డు దగ్గర పద్నాలుగు మందిమి చేరాం. పూండి నుంచి సెలూను అతను వచ్చాడు. బతికున్నవాళ్ళ ఇళ్ళకు రానని, పదో రోజుకు మాత్రం కాదననని ముందే చెప్పి ఉన్నాడు. జీడిచెట్టు నీడలో బల్ల వేసుకుని వరసగా గీస్తూ వచ్చాడు. నేను చివర్లో చేయించుకోవచ్చని పక్కన నిలబడ్డాను. అన్నయ్య వంతు వచ్చేసరికి అతను కత్తి మడిచి నావైపు తిరిగాడు.

"మీ అన్నకి నువ్వే."

పెద్దల్లో ఒకాయన, "అదేటి, అది మనం సేసే పనేటి" అని గొణిగాడు. అన్నయ్య వినిపించుకోలేదు. నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుని మెడ చాచాడు. టిన్ను నీళ్ళు, సబ్బు ఇంటి నుంచి తెప్పించాను. పది రోజుల గడ్డం కాబట్టి తువ్వాలు రెండుసార్లు వేశాను. నురగ బాగా వచ్చింది, అంత బాగా అంతకుముందు ఎప్పుడూ రాలేదు. అక్కడ కుర్చీ లేదు, అద్దం లేదు, వెనక తొట్టి. అందుకని అతని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు బుగ్గలూ చప్పుడు వింటూ గీశాను. గొంతు మీదికి వచ్చాను.

అన్నయ్య అంత దగ్గర నుంచి నా మొహం చూస్తున్నాడు. పది రోజుల గడ్డం నాకూ ఉంది. నాది పూర్తిగా తెల్లబడిందని నాకు కూడా ఈ పది రోజుల్లోనే తెలిసింది.

"ఒరే."

"ఊ."

"నాను పోతే ఇలగుంతావన్నమాట నువ్వు."

రాబోయే స్టాపు పేరు చెప్పినట్టు చెప్పాడు. నాకు కోపం వచ్చింది. భయం కూడా వేసింది, కానీ ముందు వచ్చింది కోపమే. అప్పుడు రేజరు గొట్టం మచ్చకు వేలెడు దూరంలో ఉంది. నా వేళ్ళు పిడి చుట్టూ బిగుసుకోవడం నాకు తెలిసింది. తీసేశాను. బరువు దిగాక మొదలుపెడదామని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అన్నయ్య కళ్ళు మూసుకుని మెడ అలాగే చాచి ఉంచాడు. నా చేతి బరువు దిగేసరికి అతని గొంతు మీద నురగ ఎండిపోయింది.